రెండో తీగ చివర

జులై నెల, రెండో మంగళవారం. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. పొద్దుటి నుంచి ముసురు. గాలి కదలడం లేదు.

గదిలో ఉన్నవాళ్లు ముగ్గురు. గని కంట్రోల్ రూమ్ ఆపరేటరు, నాకంటే నాలుగేళ్లు చిన్న, ఇంట్లో దక్కనీ ఉర్దూ, డ్యూటీలో తెలుగు మాట్లాడే మనిషి. కంప్యూటర్లు చూసే ఇంజనీరు, జ్యోతినగర్ నుంచి స్కూటీ మీద వచ్చే అమ్మాయి, ఈ గనికి వచ్చి ఎనిమిది నెలలు. మూడోవాణ్ని నేను, ఇదే గదిలో ఫోన్లూ తీగలూ చూసి రిటైరై మూడేళ్లయినవాణ్ని.

కింద గనిలో ఉన్నవాళ్లు నలభై ఆరుగురు, మూడు గంటలకు దిగిన రెండో షిఫ్టు. వాళ్ల మీద ఓవర్‌మన్ నా బామ్మర్ది, నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు.

పై మాటలు ఆ రోజు డైరీలో ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశాను. నాకు పంతొమ్మిదో ఏట నుంచి డైరీ అలవాటు. ముందు తేదీ, తర్వాత ఉన్నవాళ్లు, తర్వాత జరిగింది. డ్యూటీ డైరీలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఆ రోజు కాకుండా మిగిలిపోయిన పని కింద ఎర్ర సిరాతో గీత గీసి, మరునాటి పేజీలో మొదటి వరుసగా దాన్నే మళ్లీ రాసేవాణ్ని. పని అయ్యేదాకా అది పేజీ నుంచి పేజీకి నడుస్తూ వచ్చేది. నా దగ్గర పనిచేసినవాళ్లు నవ్వేవారు. "సార్ డైరీల పనులు నడుస్తయి, మనం కూసుంటం" అనేవారు.

ఆ రోజు నన్ను పిలిపించింది ఇంజనీరు. గనిలో పాత కేబుళ్లు ఎటు నుంచి ఎటు పోయాయో చూపే డ్రాయింగు చెదలు తినేసిందట. మీ డైరీల్లో ఏమైనా ఉంటుందా సర్ అని ఫోన్ చేసింది. ఆఖరి మూడు సంవత్సరాల డ్యూటీ డైరీలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని, గొడుగు పట్టుకుని వెళ్లాను.

గది మారలేదు. మధ్యలో పొడుగు బల్ల, దాని మీద కింది నుంచి వచ్చే ఫోన్లు వరుసగా. కిటికీ పక్కన వాతావరణ ఒత్తిడి చూపే బారోమీటరు. ఎదుటి గోడ నిండా స్క్రీను. గనిలో తొమ్మిది చోట్ల, నిప్పు తగిలితే పేలే గ్యాస్‌ను నూటికి ఎంతుందో కొలిచే పరికరాలున్నాయి. వాటి అంకెలు ఆ స్క్రీను మీదికి వస్తాయి. కింద బొగ్గు మోసే బెల్టు నడుస్తుంటే పచ్చ గీత, ఆగితే ఎర్ర గీత. గదికి ఒక మూల అద్దాల అల్మారాలో, కింది అంకెల్ని అందుకుని స్క్రీనుకు పంపే సర్వరు. దాని వెనక రెండు చిన్న పచ్చలైట్లు మిణుకుమంటున్నాయి.

అవి చూడగానే నా రిటైర్మెంటు ఫోటో గుర్తుకొచ్చింది. శాలువా కప్పి ఈ గదిలోనే తీశారు. ఇంట్లో గోడకు ఉంది. నా ఎడమ భుజం మీద రెండు పచ్చ చుక్కలు కనబడతాయి. ఎవరో వెనక నుంచి చూస్తున్నట్టు ఉంటాయని నా భార్య అంటుంది.

"మీరున్నప్పుడు పెట్టిందే కద సర్ ఇది," అంది ఇంజనీరు సర్వరును చూపిస్తూ. "ఎంత మంచిగ చేసిన్రు. ఎనిమిది నెలల్ల ఒక్కసారి కూడా నన్ను సతాయించలే."

దాని సంగతి తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. ఆ సర్వరుకు రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒక్కో కార్డుకు ఒక్కో తీగ. దాన్ని నడిపే లినక్స్‌లో ఈ రెండింటినీ కలిపి ఒకే కార్డులాగా కట్టవచ్చు. దాన్ని బాండింగ్ అంటారు. కట్టాక రెండు రకాలుగా వాడుకోవచ్చు. వచ్చే పోయే సమాచారం బరువును రెండు తీగలకూ పంచవచ్చు. లేదంటే ఒకటి పనిచేస్తూ ఉంటే రెండోది ఊరికే కాచుకుని ఉండి, మొదటిది పోగానే అందుకుంటుంది. మా ఫ్యాన్ హౌస్‌లో గాలి తోడే ఫ్యాన్లు రెండున్నట్టే. ఒకటి తిరుగుతుంది, ఒకటి కనిపెట్టుకుని ఉంటుంది. గనిలో పనిచేసేవాళ్లకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

మొదటి తీగ మనుషులు నడిచి దిగే ఏటవాలు దారి వెంట, ఫోన్ తీగలతో కలిసి కిందికి పోతుంది. రెండోది వాగు దాటి, ఫ్యాన్ హౌస్ దగ్గరున్న నిలువు గని బావి గుండా దిగాలి. రెండు దారులూ ఒకచోట కలవకూడదు. ఒక దారిలో పైకప్పు కూలినా, నీళ్లు వచ్చినా, రెండోది బతికి ఉండాలి. అదీ ఉద్దేశం.

నాలుగున్నరకు ఆకాశం పూర్తిగా దిగిపోయింది. పట్టపగలు గదిలో ట్యూబ్‌లైట్లు వేశారు. కిటికీలోంచి చూస్తే గని ముఖద్వారం దగ్గరి చెట్లు తడి బొగ్గు ముద్దల్లా ఉన్నాయి. ఒక్క ఆకు ఊగడం లేదు. ఆపరేటరు రిజిస్టరు తెరిచి, స్క్రీను చూస్తూ తొమ్మిది అంకెలూ రాశాడు. అరగంటకోసారి రాయాలి.

"ఇయ్యాల మన గని మంచిగ పండుకున్నదన్నా," అన్నాడు పెన్ను మూతపెట్టి. "కదులుతలేదు, మెదులుతలేదు."

అప్పుడు ఆరో నంబర్ ఫోన్ మోగింది.

దాని గురించి చెప్పాలి. ఆరో నంబర్ తీగ మూసేసిన పానెల్‌లోకి పోతుంది. పానెల్ అంటే బొగ్గు తవ్వే ఒక వాడ లాంటిది. పన్నెండేళ్ల కింద అక్కడ బొగ్గు తనంతట తాను వేడెక్కి పొగ పెట్టింది. మనుషులందరినీ బయటికి తెచ్చి, తలలు రెండుసార్లు లెక్కపెట్టి, ఆ తర్వాతే ఇటుక గోడలు కట్టి మూశారు. లోపల మనిషి ఎవరూ లేరు. లెక్కపెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. తొందరలో వదిలేసినవి బొగ్గు మోసే రెండు టబ్బులు, కొన్ని పారలు, గోడకు ఒక ఫోన్.

ఆ ఫోన్ వానాకాలంలో మోగుతుంది. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో. ఏటవాలు దారిలో ఒక జాయింట్ బాక్స్ ఉంది, తీగల్ని అతికే ఇనప డబ్బా. అందులోకి నీళ్లు దిగితే తీగలు కలిసి ఇక్కడ గంట మోగుతుంది. నేనే కనిపెట్టాను, నేనే రాసి పెట్టాను. తెలిసినా, మోగినప్పుడు గదిలో ఉన్నవాళ్ల మాట ఆగిపోతుంది.

కింది నుంచి వచ్చిన ఏ ఫోన్‌నూ ఎత్తకుండా వదలకూడదన్నది మా కంట్రోల్ రూమ్ నియమం. ఆరో నంబరుకూ అదే. ఎత్తాలి. "వింటున్న" అనాలి. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు చెవి దగ్గర ఉంచుకోవాలి. పెట్టేసి, రిజిస్టరులో "జవాబు లేదు" అని రాయాలి. పన్నెండేళ్లుగా అట్లాగే రాస్తున్నారు.

"అన్నా, ఎత్తు నువ్వే," అన్నాడు ఆపరేటరు. "మూడేండ్లాయె నువ్వు రాక. నీ అడుగు గుర్తుపట్టినట్టున్నది."

నవ్వుతూనే అన్నాడు గానీ, ఫోన్‌ను తను ముట్టుకోలేదు. ఎత్తాను.

"వింటున్న."

సముద్రం నేను రెండుసార్లే చూశాను. అక్కడ శంఖం చెవికి పెట్టుకుంటే వచ్చే హోరు లాంటిది. దాని వెనక ఎక్కడో చుక్క చుక్క. ఒకటి, రెండు, మూడు. ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి చుక్కలు ఆగాయి. తొమ్మిది, పది. పెట్టేశాను.

"జవాబు లేదు," అన్నాను. ఆపరేటరు రాశాడు.

కుర్చీలో కూర్చున్నాను గానీ మనసు ఆ డబ్బా దగ్గరే ఉంది. ఆరో నంబర్ మోగిందంటే జాయింట్ బాక్స్‌లో నీళ్లున్నాయి. సర్వరు మొదటి తీగ కూడా ఆ డబ్బాలోంచే పోతుంది.

"అమ్మా, నీ మొదటి తీగ ఎట్లున్నదో ఒకసారి చూడు," అన్నాను.

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుని ఏవో నాలుగు మాటలు కొట్టింది. నల్ల తెర మీద వరుసలు పడ్డాయి. ఆమె కనుబొమలు పైకి లేచాయి, మళ్లీ కిందికి దిగాయి.

"మొదటిది పోయింది సర్. మూడు ఇరవై రెండుకు పోయింది. అదే నిమిషంల రెండోది అందుకున్నది. చూడున్రి, లింకు ఉన్నదని చూపిస్తున్నది." నా వైపు తిరిగి నవ్వింది. "మీరు పెట్టిందే మనల్ని కాపాడింది. రేపు పొద్దుగాల మొదటిది బాగుచేయిస్త."

"అరె వా," అన్నాడు ఆపరేటరు. "మనకు తెల్వనే తెల్వదు."

నాకూ సంతోషంగానే ఉంది. ఒక్క నిమిషం ఉంది. ఆ తర్వాత గోడ మీది స్క్రీను వైపు చూశాను. నాలుగో చోట సున్నా పాయింట్ మూడు. ఇది వదిలేసిన పాత ఖాళీకి దగ్గరి చోటు. బొగ్గు తీసేశాక మిగిలిన ఆ పెద్ద ఖాళీలో గ్యాస్ ఎప్పుడూ ఉంటుంది. పైన గాలి ఒత్తిడి తగ్గినప్పుడల్లా అది బయటికి ఊపిరి వదులుతుంది. ముసురు పట్టిన రోజు నాలుగో చోటు అంకె పెరగాలి. ఎంతో కొంత కదలాలి. బారోమీటరు దగ్గరికి పోయి చూశాను. మధ్యాహ్నం నుంచి ముల్లు దిగుతూనే ఉంది.

"తమ్మీ, రిజిస్టరు ఇటియ్యి."

మూడున్నర వరుస, నాలుగు గంటల వరుస, నాలుగున్నర వరుస. ఒక్కో వరుసలో తొమ్మిది అంకెలు. మూడు వరుసలూ ఒకటే. ఒక్క అంకె తేడా లేదు. ఒకే వరుసను కార్బన్ కాగితం పెట్టి మూడుసార్లు దించినట్టుంది.

ముప్పై నాలుగేళ్లు ఈ గదిలో కూర్చున్నాను. అంకెలు పెరగడం చూశాను. తగ్గడం చూశాను. అవి నిలబడిపోవడం ఎప్పుడూ చూడలేదు. నిద్రపోతున్న మనిషికి రొమ్ము లేచి పడుతుంటుంది. ఇది నిద్ర కాదు.

"రెండోది నిజంగ నడుస్తున్నదా అమ్మా?"

"లైటు ఉన్నది కద సర్. లింకు లేకుంటే లైటెట్ల వస్తది?"

ఆ మాట వినగానే నా చేతులు సంచిలోకి పోయాయి. ఎందుకో తెలియకుండానే పోయాయి. ఆఖరి డైరీ తీశాను. ఆఖరి పేజీ నుంచి వెనక్కి తిప్పాను. నా ఉద్యోగంలో చివరి రెండు రోజులు. ఎర్ర గీత ఉన్న పేజీ దొరికింది. నా చేతిరాతే.

"రేపు తనిఖీ. వాగు పొంగి ఉన్నందున కంట్రోల్ రూమ్ నుంచి ఫ్యాన్ హౌస్‌కు పైదారి కేబుల్ లాగలేకపోయాము. ఫ్యాన్ హౌస్ నుంచి కిందికి లైను సిద్ధం. తనిఖీలో రెండు లైట్లూ వెలగాలన్నారు. రెండో కార్డు తీగను అల్మారా వెనక చిన్న నెట్‌వర్క్ స్విచ్ పెట్టెకు పెట్టి లైటు వెలిగించాను. బరువు పంచే పద్ధతిలో సగం అంకెలు రావడం లేదు. అందుకని ఒకటి పనిచేసి ఒకటి కాచుకునే పద్ధతికి మార్పించాను. ఇప్పుడు అన్నీ వస్తున్నాయి. వాగు తగ్గాక కేబుల్ లాగించాలి."

ఆఖరి వాక్యం కింద ఎర్ర గీత. మరునాటి పేజీలో మొదటి వరుసగా అది ఉండాలి. మరునాడు తనిఖీ, ఆ సాయంత్రమే నా వీడ్కోలు సభ. ఆ పేజీలో తనిఖీకి వచ్చినవాళ్ల పట్టిక, సభలో మాట్లాడినవాళ్ల పట్టిక, శాలువా రంగు ఉన్నాయి. ఆ తర్వాతి ఉదయం నేను కొత్త డైరీ మొదలుపెట్టాను, ఇంటి డైరీ. డ్యూటీ పనుల్ని ఇంటి డైరీలోకి ఎక్కించడం పద్ధతి కాదని నేనే అనుకున్నాను. ముప్పై నాలుగేళ్లు పేజీ నుంచి పేజీకి నడిచివచ్చిన పనుల్లో, ఆ ఒక్కటి అక్కడే ఆగిపోయింది.

అల్మారా వెనక దూరడానికి చోటు తక్కువ. గోడకు బుగ్గ ఆనించి చెయ్యి పెట్టాను. సాలెగూళ్లు, దుమ్ము, దాని కింద అరచేయంత పెట్టె, వెచ్చగా ఉంది. మూడేళ్లుగా వెచ్చగా ఉన్నట్టుంది. ఒక రంధ్రంలో సర్వరు నుంచి వచ్చిన తీగ. మిగిలిన నాలుగు రంధ్రాలూ ఖాళీ. ఖాళీ రంధ్రాల పక్కన ఒక్క పచ్చలైటు, సర్వరు లైటుతో పాటే మిణుకుమంటోంది. వెనక ఎవరూ లేని గది తలుపు సందులోంచి దీపం కనబడినట్టు.

కార్డు చూసుకునేది దగ్గరి చివరను మాత్రమే. తన తీగకు అవతల కరెంటున్న పెట్టె ఏదో ఒకటి ఉంటే చాలు, దారి ఉన్నదని నమ్ముతుంది. సంబంధం తెగితే స్క్రీను ఎర్రబడే ఏర్పాటు ఉంది. అది కూడా ఆ కార్డుల జంటనే అడుగుతుంది. జంట బాగున్నానని చెప్తుంది. స్క్రీను చివరిసారి అందిన అంకెల్ని పట్టుకుని అట్లాగే నిలబడి ఉంది. అవి మూడు ఇరవై రెండు నాటి అంకెలు. ఇప్పుడు నాలుగు యాభై.

గంటన్నరగా కింద ఏముందో ఎవరికీ తెలియదు.

"తమ్మీ, కిందికి ఫోన్ కొట్టు. ఓవర్‌మన్ కావాలె. జల్ది."

నా గొంతు విని ఆపరేటరు వెంటనే ఫోన్ మీట తిప్పాడు. ఫోన్ తీగలు కూడా ఆ తడి డబ్బాలోంచే పోతాయి. కింద గంట మోగుతున్నదో లేదో ఇక్కడి నుంచి తెలియదు. నేను రిసీవరు పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ అదే హోరు. ఆరో నంబరులో విన్నదానికీ దీనికీ తేడా లేదు. మూడుసార్లు తిప్పాడు. నాలుగోసారి తిప్పాడు. ఇంజనీరు నా డైరీ పేజీ చదువుతోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఎదురుగా స్క్రీను మీద బెల్టు పచ్చగా నడుస్తోంది.

"హలో, ఎవలు?"

"నేను. బావను."

"ఏంది బావా! మల్ల డ్యూటీకెక్కినవా? ఇంట్ల అక్క ఎల్లగొట్టిందా?"

"నకరాలు తర్వాత. నీ చేతి మీటరు తీసుకొని నాలుగో చోటికి పో. గ్యాస్ ఎంతున్నదో చూసి చెప్పు. ఫోన్ పెట్టకు, పక్కకు వేలాడదీసి పో."

"మీకు స్క్రీన్ల కనవడ్తలేదా?"

"పో ముందు."

రిసీవరు గోడకు తగిలిన చప్పుడు. నీళ్లలో బూట్లు. అవి దూరమయ్యాయి. ఆ తర్వాత ఎవరో నవ్విన చప్పుడు, బెల్టు ఈడ్చుకుపోతున్న చప్పుడు. మనుషులు ఇంకా పనిలో ఉన్నారు. నాకు నా బామ్మర్ది పెళ్లినాటి ముఖం గుర్తుకు రాలేదు, పిల్లలు గుర్తుకు రాలేదు. మధ్యాహ్నం డ్యూటీకి పోతూ వాడు మా ఇంటి ముందు బండి ఆపి, అక్క చేసిన సర్వపిండి మిగిలి ఉంటే పెట్టమని అడిగింది గుర్తుకొచ్చింది. కాగితంలో చుట్టి ఇచ్చింది. అది ఇప్పుడు వాడి డబ్బాలో ఉంటుంది.

బూట్లు దగ్గరికి వచ్చాయి. పరుగెత్తడం లేదు గానీ వడివడిగా ఉన్నాయి.

"బావా." గొంతు మారింది. "పైన మీకు ఎంత చూపిస్తున్నది?"

"సున్నా పాయింట్ మూడు."

"ఇక్కడ అట్ల లేదు బావా. పని ఆపాల్సిన గీత దాటింది."

"కరెంటు బంద్ చెయ్యి. మనుషులను గాలి దారికి తీసుకొని పైకి రా. ఒక్కడు కూడ ఉండొద్దు."

"సరే. అక్కకు ఫోన్ చెయ్యకు." ఇంతే అన్నాడు. రిసీవరు మళ్లీ గోడకు కొట్టుకుంటూ ఉండిపోయింది. కింద ఈలలు వినబడ్డాయి, పేర్లు పిలవడం వినబడింది. ఆ తర్వాత బెల్టు ఆగింది. పెద్ద చప్పుడు ఆగిపోతే మిగిలే నిశ్శబ్దం ఫోన్‌లోంచి కూడా తెలుస్తుంది.

స్క్రీను మీద బెల్టు నడుస్తూనే ఉంది. పచ్చగా. ఆ వాడలో కరెంటు లేదు, మనుషులు లేచిపోతున్నారు, బెల్టు ఆగిపోయింది. గోడ మీద మాత్రం మూడు ఇరవై రెండు నాటి గని ఏ కలతా లేకుండా పనిచేసుకుంటూ ఉంది. ఆపరేటరు లేచి దానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"బంద్ చెయ్యనా అన్నా దాన్ని? చూడలేకపోతున్న."

"వద్దు. ఎట్లున్నది అట్లనే ఉండాలె. వచ్చినోళ్లు చూడాలె."

మేనేజరుకు ఆపరేటరు ఫోన్ చేసి చెప్పాడు. నేను మెట్లు దిగి దీపాల గదికి వెళ్లాను. దిగేటప్పుడు ప్రతి మనిషీ ఒక టోపీదీపం తీసుకుంటాడు, వచ్చాక అదే కొక్కేనికి తగిలిస్తాడు. ఖాళీ కొక్కెం ఉన్నదంటే మనిషి కింద ఉన్నట్టు. వాన చినుకుల్లోంచి ఒక్కొక్కరే వస్తున్నారు. కొందరు చిరాగ్గా ఉన్నారు, పని చెడిందని. కొందరు నవ్వుతున్నారు. నేను కొక్కేలు లెక్కపెడుతున్నాను. పన్నెండేళ్ల కింద ఇక్కడే నిలబడి లెక్కపెట్టాను. ముప్పై. నలభై ఒకటి. నలభై అయిదు దగ్గర ఆగిపోయింది. చాలాసేపు ఎవరూ రాలేదు. ఏటవాలు దారి నోట్లోంచి సన్నటి ఆవిరి వస్తూ ఉంది, లోపల ఎవరో ఊపిరి విడుస్తున్నట్టు.

వాడు ఆఖరున వచ్చాడు. ఓవర్‌మన్ ఆఖరున రావాలి కాబట్టి వచ్చాడు, అంతే. దీపం తగిలించి నా పక్కన నిలబడ్డాడు. ముఖమంతా బొగ్గు, కళ్లు మాత్రం తెల్లగా.

"పైన స్క్రీను తప్పు చూపిచ్చేటట్టు ఎవడు చేసిండు బావా?"

"నేనే."

వాడు నన్ను చూశాడు. ఇంకా ఏమైనా అంటాడేమోనని చూశాను. నలుగురు మనుషులు వింటున్నారు. వాడు డబ్బా తీసి, నానిపోయిన సర్వపిండి కాగితం విప్పి, సగం విరిచి నా చేతిలో పెట్టాడు. తర్వాత ముఖం కడుక్కోవడానికి పోయాడు. ఇంటికి వెళ్లేదాకా ఆ ముక్క నా చేతిలోనే ఉంది, తినలేదు.

పైన గదిలో ఇంజనీరు నా డైరీ ముందు కూర్చుని ఉంది. ఏడ్చినట్టు లేదు. కోపంగా ఉంది, ఎవరి మీదో తెలియదు.

"నేను వచ్చిన నాడు 'రెండు దారులు పరీక్షించితిని' అని సంతకం పెట్టిన సర్. లైట్లు చూసి పెట్టిన. మొదటి తీగ పీకి చూడాలె నేను. పీకలే."

"లైటు వెలిగించింది నేనమ్మా."

"అన్నా, ఇది ఎవరు అడిగిన్రు నిన్ను?" అన్నాడు ఆపరేటరు గొంతు తగ్గించి. "పింఛనోడివి. ఆ పేజీ మడిచి ఇంటికి తీసుకపో. పెట్టె ఎవడో పెట్టిండు, ఎవడో మర్చిపోయిండు. అయిపాయె."

నా మంచికే అన్నాడు. ఇరవై ఏళ్ల స్నేహం. కానీ పేజీ లేకపోతే ఆమె సంతకం ఒక్కటే మిగులుతుంది. డైరీ మూసి ఆమె బల్ల మీదే వదిలి ఇంటికి వచ్చాను.

మరునాడు ఉదయం. వాన లేదు. ఎనిమిదింటికి మేనేజరు గదిలో ఉన్నవాళ్లు: మేనేజరు, సేఫ్టీ అధికారి, ఇంజనీరు, నేను. ఎర్ర గీత పేజీ నేనే తెరిచి చదివాను. ఆమె సంతకం ఏ లైటును చూసి పెట్టిందో, ఆ లైటు ఎవరు పెట్టారో, ఆ రెండు ముక్కలూ కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాను. మేనేజరు కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "మీమీద విచారణ అంటే ఏం చేయాల్నో నాకే తెల్వదు పెద్దమనిషీ. పైకి పంపుత," అన్నాడు. పంపమన్నాను.

వాగు మీదుగా కేబుల్ లాగడం ఆరింటికే మొదలైంది. కేబుల్ చుట్ట స్టోరు వెనక షెడ్డులో మూడేళ్లుగా అట్లాగే ఉంది, నేను తెప్పించిందే, దాని మీద నేను రాసిన సుద్ద గుర్తు కొంచెం మిగిలి ఉంది. జాయింట్ బాక్స్ తెరిచిన ఎలక్ట్రీషియన్ వచ్చి డబ్బా నిండా నీళ్లున్నాయని చెప్పాడు. ఆరో నంబర్ తీగలు కూడా ఆ నీళ్లలోనే ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నాడు. ఆ మాట విని నా భుజాలు కొంచెం దిగాయి. ఆరబెట్టి, కొత్తగా అతికి, డబ్బా మూశారు.

పదకొండింటికి రెండు తీగలూ నిజంగా కిందిదాకా వెళ్లాయి. ఇంజనీరు సెట్టింగు మార్చింది. ఇక మీదట సర్వరు లైటును చూడదు. సెకనుకోసారి కిందున్న పరికరాన్ని ఉన్నావా అని అడుగుతుంది, జవాబు వస్తేనే దారి ఉన్నట్టు. డ్యూటీ వేళ కాకపోయినా వచ్చి కూర్చున్న ఆపరేటరు విని, "అంటే ఇది మనం ఆరో నంబర్ ఎత్తినట్టేనాయె," అన్నాడు. "కాకుంటే జవాబు లేకుంటే అది ఊకోదు."

"ఇప్పుడు పీకుత సర్," అంది ఆమె. అల్మారా వెనకకు చెయ్యి పెట్టి మొదటి తీగను పట్టుకుంది. "స్క్రీను చూడున్రి."

పీకింది. మేం ముగ్గురం గోడ వైపు చూశాం. నాలుగో చోటు అంకె నిలబడిపోయింది. ఒకటి. రెండు. నేను లోపల లెక్కపెడుతున్నాను, ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు లెక్కపెట్టినట్టు. మూడు.

నాలుగో చోటు సున్నా పాయింట్ అయిదు నుంచి సున్నా పాయింట్ నాలుగుకు దిగింది. కాసేపటికి మళ్లీ అయిదు. మళ్లీ నాలుగు.